రేడియం కోటు విప్పమన్నది నేనే

మొన్న తొర్రూరులో ఒక కాలేజీ వాళ్ళు భద్రత మీద సభ పెట్టి నన్ను పిలిచారు. ముప్పై ఏళ్ళకు పైగా గనుల్లో పనిచేసిన మనిషిని కదా, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. శాలువా కప్పారు, బొకే ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన ఒకాయన తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. ఏఐ కెమెరాలు, తమంతట తామే ఆగే బండ్లు, మనిషి కంటే ముందే ప్రమాదాన్ని పసిగట్టే యంత్రాలు. చివరి బొమ్మ మీద "ఇక మనిషి పొరపాటుకు తావు లేదు" అని రాసి ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కడుపు మండింది. నా వంతు రాగానే మైకు పట్టుకున్నాను గానీ కోపంలో మాట సరిగ్గా రాలేదు. ఏదో అరిచి కూర్చున్నాను. పక్కనున్న లెక్చరరు పాపం మంచినీళ్ళ సీసా మూత తీసి అందించాడు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ చప్పట్లు కొట్టిన పిల్లలు చదివితే చాలు.

ముందే చెప్తున్నాను, ఇందులో ఎవరి పేరూ ఉండదు. కంపెనీ పేరు అసలే ఉండదు. పేర్లు రాస్తే చదివేవాళ్ళకు "ఓహో, తప్పు వాళ్ళదా" అని ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి మీకు ఇవ్వదలచుకోలేదు.

మాది తొర్రూరు బజారులో కిరాణా కొట్టు. కొట్లో కూర్చోమని మా బాపు ఎంత పోరినా వినకుండా గని పనికి పోయాను. ఎన్నో చోట్ల చేసి, చివరి కొన్నేళ్ళు భూపాలపల్లి దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైన మట్టి తీసేసి బొగ్గు తవ్వే గనిలో, ఒక కాంట్రాక్టు కంపెనీ కింద షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నాను. నాకు అప్పగించింది బొగ్గు యార్డు. కింది నుంచి డంపర్లు, అంటే పెద్ద టిప్పర్లు, బొగ్గు మోసుకొచ్చి యార్డులో కుప్ప పోస్తాయి. బొగ్గుతో కలిసి వచ్చిన రాళ్ళను తొమ్మిది మంది ఆడవాళ్ళు చేత్తో ఏరి పక్కన పడేస్తారు. వాళ్ళలో ఎక్కువమంది గూడూరు వైపు తండాల వాళ్ళు. మహబూబాబాద్ జిల్లా నుంచి అంత దూరం వచ్చి, భూపాలపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు తమ భాష మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగు.

రాళ్ళు ఏరే చోటికీ, నీళ్ళ కుండలూ సద్ది డబ్బాలూ పెట్టుకునే రేకుల షెడ్డుకూ మధ్యలో డంపర్ల రోడ్డు ఉండేది. సరిగ్గా అక్కడే ఆ రోడ్డు బొగ్గు కుప్పను చుట్టి మలుపు తిరుగుతుంది. డంపర్ డ్రైవరు కూర్చునే సీటు ఇంటి డాబా ఎత్తున ఉంటుంది. బండికి దగ్గరగా మనిషి నిలబడితే, అందులోనూ డ్రైవరుకు అవతలి పక్కన నిలబడితే, పైనున్నవాడికి ఏమాత్రం కనపడడు. అది అతని తప్పు కాదు, బండి అంత పెద్దది.

అందుకే ఆ మలుపులో ఎప్పుడూ ఒక జెండా మనిషి ఉండేవాడు. ఎర్ర జెండా, మెడలో ఈల. ఆడవాళ్ళంతా ఆయన్ను బాపు అనేవాళ్ళు. ఏ డంపర్ ఎవరు నడుపుతున్నారో మోత విని చెప్పేవాడు. ఎవడైనా జోరుగా వస్తే ముందు ఈల వేసేవాడు, వినకపోతే రాయి తీసుకుని బండి మీదికి విసిరేవాడు. ఆ తర్వాత క్యాంటీన్లో వాడి కాలరు పట్టుకునేవాడు. డ్రైవర్లకు మేనేజరంటే పెద్దగా లెక్క లేదు గానీ ఈయనంటే హడల్.

అలాంటి రోజుల్లో సిస్టమ్ వచ్చింది. మేనేజరు దాన్ని సిస్టమ్ అనేవాడు, డ్రైవర్లు "కన్ను" అనేవాళ్ళు. ప్రతి డంపర్‌కూ చుట్టూ కెమెరాలు, క్యాబిన్లో ఒక చిన్న తెర, తెర పక్కన ఒక లైటు. దారిలో మనిషి లేకపోతే పచ్చ, ఉంటే ఎరుపు. ఎరుపు వచ్చాక కూడా డ్రైవరు బ్రేకు వేయకపోతే బండే వేసుకుంటుంది. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను, మంచి ఆలోచన. యంత్రమంటే చాలు తిట్టిపోసే ముసలివాణ్ణి కాను నేను.

మొదటి రెండు మూడు నెలలు మాత్రం అది మమ్మల్ని ఏడిపించింది. కుక్క అడ్డమొస్తే ఆగేది. టార్పాలిన్ గాలికి లేస్తే ఆగేది. దుమ్ములో గుంజకు తగిలించిన సంచిని చూసి మనిషనుకునేది. నిండు బండికి ఉన్నట్టుండి బ్రేకు పడితే డ్రైవరుకు నడుము విరిగినంత పని. పాలకుర్తి వైపు డ్రైవరొకడు ఉండేవాడు, నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడగా ఎవరూ విని ఎరుగరు. అలాంటివాడు ఒకరోజు బండి దిగొచ్చి నా ముందు హెల్మెట్ నేలకేసి కొట్టాడు.

"సార్, పొద్దుగాల కుక్కకు ఆగిన. అటెన్క కవరుకు ఆగిన. గిప్పుడు నా బండి నీడకు నా బండే ఆగె. గిట్లయితె నడుపుడు నాతోని గాదు."

సరిచేయడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఆ కెమెరాలు తయారుచేసే కంపెనీలో పని, సొంతూరు జనగామ. వారం రోజులు డంపర్లు ఎక్కి దిగి, మొహమంతా మసి పూసుకుని తిరిగింది. చివరికి ఒక మార్పు చేశారు. గనిలోకి వచ్చే ప్రతి మనిషీ మెరిసే పట్టీలున్న రేడియం కోటు వేసుకోవాలన్నది నిబంధన కదా, కాబట్టి ఆ పట్టీలు కనిపిస్తేనే మనిషి కింద లెక్క. పట్టీలు లేనిది ఏదైనా సరే, దానికోసం ఆగవద్దు. ఈ మార్పు మా పైవాళ్ళూ వాళ్ళ పైవాళ్ళూ కలిసి అనుకున్నది. ఆ అమ్మాయి కోరి చేసింది కాదు. నా దగ్గర కాగితం మీద సంతకం తీసుకుంటూ వేలు పెట్టి చూపించింది కూడా.

"సార్, కోటు లేకుంటె అది మనిషి అనుకోదు. గీ ఒక్క లైను జర సదువుండ్రి. డ్రైవర్లకు గూడ చెప్పుండ్రి."

"కోటు లేకుంట గేటు లోపటికే రానియ్యం గద తల్లీ," అని నవ్వి సంతకం పెట్టాను.

ఆ లైను చదివాను. అర్థమైంది కూడా. చదవకుండా పెట్టి ఉంటే ఇవాళ నాకు కొంత తప్పించుకునే దారి ఉండేది. డ్రైవర్లకు చెప్పలేదు. ఇవాళ రేపు అంటూ మర్చిపోయాను.

మార్పు చేసిన మర్నాటి నుంచి ఉత్తుత్తి బ్రేకులు ఆగిపోయాయి. ఆఫీసులో లడ్డూలు పంచారు. ఆ వారమే జెండా మనిషిని మలుపు నుంచి తీసేశారు.

"కన్ను ఉండగా జెండా ఎందుకండీ?" అన్నాడు మేనేజరు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, పని తెలిసినవాడే, కానీ తెర మీద అంకె కనపడితే తప్ప దేన్నీ నమ్మేవాడు కాదు.

జెండా బాపును ఆఫీసు ముందు చెట్లకు నీళ్ళు పోసే పనికి మార్చారు. పోతూ పోతూ నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, మిషిని మంచిదే గావచ్చు. అది బీడి తాగదు, సెలవు వెట్టదు. గాని దానికి కోపం రాదు. డ్రైవరు జోరుగొస్తె నాకు వస్తది. గా మలుపు కాడ కోపమొచ్చేటోడు ఒకడు ఉండాలె."

భుజం తట్టి పంపేశాను. పెద్దవాళ్ళకు కొత్తది ఒక పట్టాన నచ్చదులే అనుకున్నాను. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద, అంతే.

ఆ తర్వాత మొదలైంది అసలు తిప్పలు. కన్ను ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది కాబట్టి ఆడవాళ్ళు కోట్లతో రోడ్డు దాటినప్పుడల్లా డంపర్లు ఆగేవి. ఆగాలి మరి, దాని పనే అది. కానీ ఒకటి ఆగితే వెనకాల నాలుగు ఆగుతాయి. ఏ షిఫ్టులో ఎన్నిసార్లు ఆగాయో కంట్రోల్ రూములో గోడ మీది తెర మీద గీతలుగా పడేది. కుక్కకు ఆగితే ఒక గీత. మనిషి ప్రాణం కాపాడటానికి ఆగినా అదే గీత. ఆ రెండింటికీ తేడా చూపాలని ఆ తెర తయారుచేసిన ఏ మేధావికీ తోచలేదు. తోచలేదేమని మేమూ అడగలేదు.

"ఏవండీ, మీ ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగాలంటే నా బళ్ళు ఆగాలా? రోజూ ఇదే భాగోతమా?"

మేనేజరు నోట రోజూ అదే. వాకీటాకీలో, డ్రైవర్లందరూ వింటుండగా. నాకు రిటైర్మెంటు ఎంతో దూరం లేదు. నోరు మూసుకుని పడ్డాను. దాటకుండా వాళ్ళు నీళ్ళెలా తాగుతారని ఆయన్ను అడగాల్సింది. అడగలేదు. ఆయన మీద చూపించాల్సిన కోపం తీసుకుపోయి ఆడవాళ్ళ మీద చూపించాను.

ఒక మధ్యాహ్నం మలుపు దగ్గర తొమ్మిది మందినీ ఆపాను.

"ఇగో, ఇనుండ్రి. రోడ్డు దాటేటప్పుడు గీ రేడియం కోట్లు ఇప్పి సంకల వెట్టుకోండ్రి. జల్ది ఉర్కి దాటుండ్రి. అవుతలికి పోయినంక మళ్ల తొడుక్కోండ్రి. నేను ఈడ నిలవడి సూస్త, పరేషాన్ గాకుండ్రి."

వాళ్ళలో ఒకామెకు ముప్పై ఏళ్ళుంటాయేమో. అందరికంటే గట్టిగా నవ్వే మనిషి. "మంచిగనే ఉన్నది సారూ. ఎండకు గీ కోటు పెయ్యంత ఉడకవెట్టవట్టె," అంది. మిగతావాళ్ళూ నవ్వారు. నేను చెప్పబోయేది ఈమె గురించే.

ఆ రోజు ఒక్క డంపరూ ఆగలేదు. మొదటి రెండు మూడు వారాలు మాట నిలబెట్టుకుని మలుపులో నిలబడ్డాను, రెండు వైపులా చూసి ఈల వేసి దాటించాను. తర్వాత తూకం దగ్గర గొడవని ఒకరోజు పోలేదు. ఆఫీసులో మీటింగని ఇంకో రోజు పోలేదు. నేను లేకపోయినా వాళ్ళే చూసుకుని దాటేవాళ్ళు. మలుపు దగ్గర సున్నం పూసిన ఒక డ్రమ్ము ఉండేది. అక్కడికి వచ్చేసరికి వాళ్ళ చేతులు వాటంతటవే గుండీలు విప్పేవి. కొత్తగా పనిలో చేరిన ఆమెకు పాత ఆమె మొదటి రోజే నేర్పేది. కోటు విప్పి దాటడం మా యార్డులో పద్ధతి అయిపోయింది.

ఆ నెల అన్ని షిఫ్టులకంటే నా షిఫ్టులో గీతలు తక్కువ. మేనేజరు మీటింగులో లేచి, "చూడండి, అనుభవం అంటే ఇదీ," అన్నాడు. నేను చేతులు కట్టుకుని సిగ్గుపడ్డట్టు నవ్వాను. ఎలా తగ్గాయని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంకో పక్క డ్రైవర్లు మారిపోయారు. జెండా ఉన్నన్నాళ్ళూ మలుపు రాగానే ప్రతివాడూ హారన్ కొట్టి వేగం తగ్గించేవాడు. ఇప్పుడు లైటు వంక చూసేవాడు. పచ్చగా ఉంటే తిన్నగా పోవడమే. వాళ్ళను ఏమీ అనను. నెలల తరబడి ఒక్కసారి కూడా తప్పు చూపించని లైటును నమ్మక ఏం చేస్తారు? కోటు లేని మనిషి ఆ లైటుకు లెక్కలో లేడని వాళ్ళకు తెలియదు. ఆడవాళ్ళకూ తెలియదు, బండ్లు అనవసరంగా ఆగకూడదని సారు చెప్పాడు అంతే అనుకున్నారు. రెండు సంగతులూ తెలిసినవాణ్ణి ఆ యార్డులో నేనొక్కణ్ణే.

ఆ రోజు బయటి నుంచి అతిథులు వచ్చారు. మా కన్ను పనితనం చూసి తమ దగ్గర కూడా పెట్టించుకోవాలని వాళ్ళ ఆలోచన. మేనేజరు నన్ను కూడా కంట్రోల్ రూముకు రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. గోడ నిండా తెరలు. ఒక్కో డంపర్ ముందు కెమెరాకు కనిపించేది ఒక్కో తెర మీద కదులుతోంది. ప్రతి బొమ్మ చుట్టూ పచ్చ అంచు. దారిలో మనిషి పడితే ఆ అంచు ఎర్రగా మారుతుంది. మేనేజరు ఒక పుల్ల పట్టుకుని అతిథులకు అదే వివరిస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. నా కళ్ళు మూడో తెర మీద ఉన్నాయి. పాలకుర్తి డ్రైవరు బండి నిండు బొగ్గుతో మలుపు తిరుగుతోంది. ఆడవాళ్ళు ఉరికి దాటేశారు. గట్టిగా నవ్వుతుందని చెప్పానే, ఆమె కూడా దాటింది. దాటి మళ్ళీ వెనక్కి తిరిగింది. చంకలోని కోటు జారి రోడ్డు మధ్యలో పడి ఉంది. కోటు లేకపోతే మర్నాడు గేటు లోపలికి రానివ్వరు. ఆమె వచ్చి వంగింది. కోటు తిరగబడి ఉంది, పట్టీలు నేల వైపున్నాయి. ఆమె వీపు, జడ, మోచేతి దాకా ఉన్న గాజులు, అన్నీ నాకు తెర మీద స్పష్టంగా కనపడుతున్నాయి. బండి దగ్గరవుతున్న కొద్దీ ఆమె పెద్దగా అవుతోంది. తెర అంచు పచ్చగా ఉంది.

అరిచాను. వాకీటాకీ లాక్కుని అరిచాను. బటన్ నొక్కానో లేదో కూడా తెలియకుండా అరిచాను. అతిథులు తెర వైపు కాకుండా నా వైపు చూశారు. ఆమె బొమ్మ తెర కింది అంచు దాటి కిందికి పోయింది. అప్పటికీ పచ్చగానే ఉంది.

చివరి క్షణంలో ఆమె పక్కకు దూకిందట. అందుకే ప్రాణం దక్కింది. వరంగల్ దవాఖానలో కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నేను ఉరుక్కుంటూ యార్డుకు పోయేసరికి డ్రైవరు బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"లైటు పచ్చగుండె సార్. నా పిల్లల మీద ఒట్టు, పచ్చగనే ఉండె."

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. "కార్మికురాలు నిబంధనకు విరుద్ధంగా రేడియం కోటు ధరించకుండా రోడ్డు దాటినందున ప్రమాదం జరిగినది." మేనేజరు చెప్పి రాయించాడని అనుకోకండి, నా అంతట నేనే రాశాను. అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. కోటు ఎందుకు లేదో రాయలేదు, అంతే. కెమెరాల కంపెనీ కూడా ఒక కాగితం పంపింది. సిస్టమ్ నిర్దేశించిన విధంగానే పనిచేసినది అని. అదీ నిజమే. డ్రైవరును పనిలోంచి పక్కన పెట్టారు, పోలీసు కేసు కూడా పెట్టారు. అతను బ్రేకు వేయలేదన్నది కూడా నిజమే కదా. ఇన్ని నిజాలు రాసుకుని అందరం ఇళ్ళకు పోయి అన్నం తిన్నాం. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది ఆ అన్నం తలుచుకుంటేనే.

కొన్ని వారాల తర్వాత భూపాలపల్లిలో విచారణ పెట్టారు. విచారణ అధికారి బయటి నుంచి వచ్చాడు. బల్లకు ఒక పక్క మేనేజరు, నేను. ఇంకో పక్క జనగామ ఇంజనీరమ్మ ల్యాప్‌టాప్‌తో. గోడకు ఆనుకుని డ్రైవరు. కాలు పోయిన ఆమె చంకకర్రలతో వచ్చింది. కుర్చీలో కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. తోటి ఆడవాళ్ళు కొందరు బయట వరండాలో ఆగారు.

ఆ గదిలో తేలాల్సింది ఒక్కటే. తప్పు ఆమెదా, డ్రైవరుదా. ఆమెదైతే కంపెనీ చేతులు దులుపుకుంటుంది, ఆమె ఒంటికాలితో తండాకు పోతుంది. డ్రైవరుదైతే అతను జైలుకు పోతాడు. మూడో మాట ఆ బల్ల మీద లేదు. ఆ మూడో మాట నా నోట్లో ఉంది.

"అమ్మా, కోటు ఎందుకు విప్పావు? ఎవరైనా విప్పమన్నారా?" అని అడిగాడు అధికారి.

ఆమె నా వైపు చూసింది. నేను బల్ల మీదున్న కాగితాల వైపు చూశాను.

"ఎవ్వలు జెప్పలే సార్. ఎండకు తాళలేక నేనే ఇప్పిన."

అధికారి రాసుకున్నాడు. పెన్ను గీసుకుపోతున్న చప్పుడు నాకు వినపడింది. ఇప్పుడు లే, చెప్పు అని లోపల ఎవరో అంటున్నారు. లేవలేదు. రిటైర్మెంటు, పెన్షన్, తొర్రూరులో నలుగురూ ఏమంటారో, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. సిగ్గులేకుండా గుర్తొచ్చాయి.

అధికారి ఇంజనీరమ్మ వైపు తిరిగి, ఆ రోజు సిస్టమ్‌కు మనిషి కనపడలేదని రికార్డు ఉందా అని అడిగాడు. ఆ అమ్మాయి వీడియో పెట్టింది. మూడో తెర మీద నేను చూసిందే. పచ్చ అంచు. ఆమె వంగింది, పెద్దదైంది, కిందికి పోయింది. డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

"సరే, మనిషి కనపడలేదన్నమాట," అన్నాడు అధికారి.

"ఒక్క నిమిషం సార్. గిదే వీడియో పాత సెట్టింగుల ఒక్కసారి చూపెడ్త."

"అవసరం లేదమ్మా, ఆ సెట్టింగు ఆ రోజు వాడుకలో లేదు కదా," అన్నాడు మేనేజరు.

"చూపించండి," అన్నాడు అధికారి.

ఆ అమ్మాయి రెండు మీటలు నొక్కింది. మళ్ళీ అదే వీడియో. ఈసారి ఆమె వెనక్కి తిరగగానే ఆమె చుట్టూ ఒక ఎర్ర గడి వచ్చింది. ఆమె నడిస్తే గడి నడిచింది. ఆమె వంగితే గడి చిన్నదైంది గానీ పోలేదు. బండి ఇంకా మలుపు మొదట్లోనే ఉంది. నిదానంగా బ్రేకు వేసుకున్నా చాలా ముందే ఆగేంత దూరం.

కాలు పోయిన ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి అడిగింది.

"నన్ను సూసిందా అది?"

"సూసిందక్కా," అంది ఇంజనీరమ్మ.

"మరెందుకు ఆగలే?"

"కోటు లేనోళ్లను సూసినా ఆగొద్దని మేమే జెప్పినం అక్కా. మస్తు సార్లు ఉత్తగనే ఆగుతున్నదని."

అప్పుడు లేచాను. "కోట్లు ఇప్పి దాటమన్నది నేను సార్. నా షిఫ్టుల బండ్లు ఆగొద్దని జెప్పిన. కోటు లేకుంటె అది ఆగదని నాకు ఎరుకే. సంతకం గూడ వెట్టిన."

"ఆ రోజు నుంచీ ఆయన మనసు బాగాలేదండీ," అన్నాడు మేనేజరు.

"నా మనసుకేం గాలే," అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆయన ముందు గొంతెత్తడం అదే మొదలు, అదే చివర. అధికారి కాగితం నా వైపు జరిపాడు. రాసిచ్చాను. దీన్ని ధైర్యమనుకోకండి. యంత్రం చెప్పేసింది, నా కూతురు వయసు పిల్ల చెప్పేసింది. వాళ్ళిద్దరి తర్వాత లేచినవాణ్ణి నేను.

తర్వాత ఏమైందో కూడా చెప్పేస్తాను. డ్రైవరు మీద కేసు నిలబడలేదు. మళ్ళీ డంపర్ ఎక్కలేనన్నాడు, పాలకుర్తిలో పొలం పని చూసుకుంటున్నాడు. నాకు ఛార్జిషీటు ఇచ్చారు, ఆ మచ్చతోనే రిటైరయ్యాను. ఇచ్చింది తక్కువే. మేనేజరుకు బదిలీ అయింది, ప్రమోషన్ మీద. ఆమెకు కంపెనీ తప్పు ఒప్పుకుని కృత్రిమ కాలు పెట్టించింది, కూర్చుని చేసే పని ఇచ్చింది. కన్నుకు మళ్ళీ అందరూ కనపడేలా మార్చారు, కుక్కలతో సహా. ఇంకొకటి చేశారు. రేకుల షెడ్డును విప్పి, రాళ్ళు ఏరే వైపే మళ్ళీ వేశారు. ఇక ఆడవాళ్ళు రోడ్డు దాటే పనే లేదు. దానికి రెండు రోజులు పట్టింది. ఇన్ని కెమెరాలు, ఇన్ని మీటింగులు, ఇన్ని గీతలు, ఇంతమంది చదువుకున్నవాళ్ళం. ఆ షెడ్డును ఇవతలికి జరపొచ్చని కాలు పోయేదాకా ఒక్కడికీ తట్టలేదు. రోజూ ఆ మలుపులో నిలబడిన నాకూ తట్టలేదు. ఇది రాస్తుంటే మళ్ళీ ఒళ్ళు మండుతోంది.

పిల్లలూ, మీలో కొందరు రేపు ఇలాంటి యంత్రాలు తయారుచేస్తారు, కొందరు నాలాగా వాటి పక్కన నిలబడి పని చేయిస్తారు. తప్పుగా ఆగడం ఎంత తగ్గిందో లెక్క చూపించి ఎవరైనా మెచ్చుకోమంటే, ఆగాల్సిన చోట ఆగకపోయింది ఎన్నిసార్లో అడగండి. నిబంధన పాటిస్తే అందరూ క్షేమమని ఎవరైనా అంటే, ఆ నిబంధన పాటించినందుకు తిట్లు తింటున్నది ఎవరో పోయి కనుక్కోండి. అక్కడ నాలాంటివాడొకడు ఉంటాడు. వాడు చెడ్డవాడేమీ కాదు, పైవాడి తిట్లు పడలేక కింది వాళ్ళకు చిన్న ఉపాయం చెప్పి ఉంటాడు. ఆ ఉపాయం మీ కాగితాల్లో ఎక్కడా ఉండదు. వాణ్ణి వెతికి పట్టుకుని అడిగితేనే బయటికి వస్తుంది.

విచారణ రోజు ఇంకొక్క సంగతి మిగిలింది. అన్నీ అయి బయటికి వచ్చేసరికి ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఆటో కోసం తోటి ఆడవాళ్ళు రోడ్డు మీదికి పోయారు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"తప్పయింది అమ్మా. ముందే చెప్పాల్సి ఉండె," అన్నాను.

నేను వెళ్ళిపోదామని కదిలాక ఆమె అంది.

"గా సారు అడిగినప్పుడు నీ దిక్కు సూసిన. లేస్తవేమో అనుకున్న. నువ్వు కాయితాలు సూసుకుంట కూసున్నవ్. ఇగ నీ పేరు జెప్తె మా తక్కిన ఎనమండ్ల పని గూడ పోతదేమో అని నేనే మీదేసుకున్న."

ఆమె చంకకర్రలు దగ్గరికి లాక్కుంది.

"కాలు పోయింది, సరే. గా అబద్ధం గూడ నాతోనే చెప్పిస్తివి."